కంపెనీది అన్న మాట

"కంపెనీది" అని చెప్పి, ఒక కంపెనీ మూడేళ్లు వాడి వదిలించుకున్న లాప్‌టాప్‌ను యాదమ్మకు అమ్మారు. అది మోసం. ఇన్నేళ్లయినా నా మాట మారదు.

2012లో నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో హార్డ్‌వేర్ టెక్నీషియన్‌ని. హోదా ల్యాబ్ అసిస్టెంటుకు ఒక మెట్టు పైన, నిన్నగాక మొన్న చేరిన లెక్చరరుకు నాలుగు మెట్లు కింద. నేను చదివింది పదో తరగతి. రేడియోలు విప్పి, టీవీలు విప్పి కంప్యూటర్ల దాకా వచ్చిన మనిషిని. అరవై మిషన్లు నా చేతి మీద నడిచేవి. వాటి మధ్య రోజూ పొద్దున ఊడ్చేది యాదమ్మ. ఆమె కూతురు సంధ్య అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది.

మా వైపు కంపెనీది అంటే అసలు సరుకు, నకిలీ కానిది అని అర్థం. ఫ్యాను కొన్నా, చెప్పులు కొన్నా "కంపెనీదేనా?" అని అడుగుతారు. యాదమ్మా అట్లాగే అడిగింది. కొట్టతను అవునన్నాడు.

ప్రాజెక్టు వైవా ఐదు రోజులుందనగా సంధ్య ఆ లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకుని ల్యాబుకు వచ్చింది. ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. హార్డ్ డిస్క్ పోతోంది. ఆర్నెల్ల ప్రాజెక్టు అందులోనే ఉంది, ఇంకెక్కడా నకలు లేదు. అట్లాంటి డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. బయటికి తీసి, మంచి మిషన్‌కు రెండో డిస్కుగా తగిలించి, అన్నిటికన్నా ముఖ్యమైంది ముందు దించుకోవాలి. వెనక్కి తిప్పితే గీకేసిన స్టిక్కరు కనిపించింది. ఆఫీసులు తమ సామానుకు వేసుకునే నంబరు అది. అప్పుడు తెలిసింది, ఎక్కడి నుంచి వచ్చిందో.

యాదమ్మ చీపురు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఉన్నదా అన్నా, పోయిందా?"

"జర ఆగు చెల్లె."

మొదటిసారి సగంలో ఆగిపోయింది. రెండోసారి మొత్తం దిగింది. "ఉన్నది" అన్నాను. ఆమె లోపలికొచ్చి, అప్పటికే ఊడ్చిన నేలనే మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. సంధ్య ఆ చీపురు లాక్కుని తల్లిని కుర్చీలో కూర్చోబెట్టింది.

మర్నాడు ఆ కొట్టుకు పోయాను.

"తప్పేమున్నది కాకా? కంపెనీదే అన్నం. ఎంత పెద్ద కంపెనీదో తెల్సా? మొత్తం అద్దాల బిల్డింగు!"

"అయితే ఆ బిల్డింగు సుత ఇయ్యి. ఆమెనే ఊడుస్తది."

పక్కనున్న గిరాకీలు నవ్వారు. అతను నవ్వలేదు. గంటసేపు తగువాడితే వేరే డిస్కు ఇచ్చాడు.

ఇక్కడ నాకు ఇష్టం లేని నిజం ఒకటి రాయాలి. డిస్కు మార్చి, ఇంకో ర్యామ్ ముక్క వేస్తే ఆ మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. ఆఫీసుల కోసం చేసినవి గట్టిగా ఉంటాయి. ఆ ధరలో దొరికే కొత్త వాటికి అలాంటి కీబోర్డు లేదు. సంధ్య వైవా గట్టెక్కింది. రావిర్యాల వైపు ఉద్యోగంలో చేరాక కూడా రెండేళ్లు దాని మీదే పనిచేసింది. అబద్ధం చెప్పి అమ్మిన సరుకే కానీ, ఆమె స్తోమతుకు అంతకన్నా మంచిది నేను కూడా చూపించలేకపోయేవాణ్ని.

నా కోపమంతా ఇంకో చోట ఉండిపోయింది. ఆరేళ్లుగా నా ల్యాబు ఊడుస్తున్న మనిషి, కొనే ముందు నన్నొక్క మాట అడగలేదు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా నవ్వి తప్పించుకునేది. నేను రిటైరయ్యే నెలలో మాత్రం చెప్పింది. అది విన్నాక, లాప్‌టాప్ గురించి ఎవరు వచ్చినా "ఏం పనికి, ఎంతలో" అని ముందు అడిగి, వంకలు తర్వాత చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆమె అన్నది ఇది:

"నువ్వు డబ్బల కెల్లి అప్పుడే తీసిన కొత్త మిషన్‌కే వంకలు వెడ్తవ్ అన్నా. నిన్నడిగితే వద్దంటవ్. నువ్వు వద్దన్నంక కొననీకె నాకు పాణమొప్పది. మరి నా బిడ్డ దేని మీద రాసుకోవాలె?"