వేణుమాధవ్ తెచ్చిపెట్టిన ఫోల్డర్లు

వేణుమాధవ్ ఉద్యోగం ఊడగొట్టింది శశికాంతేనని అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని ఆ అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ అనుకుంటున్నారు. స్నేహితుడనైనా చూడకుండా మేనేజర్ చెవిలో ఊదాడట. ఆ మాట పట్టుకుని సత్యనారాయణ వ్రతానికి శశికాంత్ భార్యను పిలవడం మానేసినవాళ్లూ ఉన్నారు. అది శుద్ధ అబద్ధం. వేణుమాధవ్ కుటుంబం హైదరాబాదులో దిగి నాలుగు నెలలు దాటింది కనుక, జరిగింది జరిగినట్టు ఇక చెప్పవచ్చు.

అది 2009, ఎక్కడ చూసినా ఉద్యోగాలు రాలిపోతున్న ఏడాది. ఇద్దరిదీ ఒకే కంపెనీ, వెళ్లి రావడం ఒకే కారులో. కంపెనీ ఫైళ్లన్నీ పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చింది వేణుమాధవ్. ఆ తర్వాత దాన్ని చూసుకునే పని శశికాంత్‌ది. ఒక టీమ్ వాళ్లు కొత్త ఫోల్డర్ చేస్తే అది టీమంతటికీ తెరుచుకోవాలి. పై ఫోల్డర్‌కి ఉన్న అనుమతే లోపల పుట్టేవాటికీ రావాలి. అది రావడం లేదు. ఒకరు చేసిన ఫోల్డర్ పక్క సీటువాడికి తెరుచుకోదు. శశికాంత్ ఒక్కొక్కటే సరిచేసి ఇంటికి వస్తాడు, మర్నాటికి మరో పది మొరాయిస్తాయి. మూడు వారాలు ఇదే తంతు.

మేనేజర్ శుక్రవారం దాకా గడువు పెట్టాడు. సరిచేస్తే చాలదు, ఎందుకు జరిగిందో రాసివ్వాలి. లేదా శశికాంత్ వెళ్లిపోవాలి. ఉద్యోగం పోతే వీసా కూడా పోయినట్టే.

"కొన్ని జాగలనే వస్తలేదన్నా. ఎందుకో సమజైతలేదు" అన్నాడు శశికాంత్, బుధవారం కారులో. "పాపకు ఇంకా నెల నిండలే. ఇప్పుడు ఏడికి పోవాలె?"



సాయంత్రం అపార్ట్‌మెంట్ల లాండ్రీ గదిలో వేణుమాధవ్ రాజేశ్వరమ్మ కంటబడ్డాడు. కూతురింటికి ఆరు నెలలకు వచ్చిన మనిషి ఆవిడ. అడగకుండా దేన్నీ వదలదు.

"సబ్బుపొడి వేయకుండానే తిప్పుతున్నావేం నాయనా?"

సంగతంతా చెప్పాడు. ఆవిడ డ్రయ్యర్ ఆగినా లేవకుండా విన్నది.

"ఆ తెరుచుకోనివి ఎక్కడ పుట్టాయి? కొత్తదాంట్లో నువ్వు మొదలుపెట్టినవాటిలోనా, పాతదాంట్లోంచి తెచ్చిపెట్టినవాటిలోనా?"

"తెచ్చినవాటిలోనే..." అని అతను ఆగిపోయాడు.

"మరి తెచ్చేటప్పుడు వాటి పాత బుద్ధులు అక్కడే దులిపి తెచ్చావా, మూటగట్టి తెచ్చావా?"

వేణుమాధవ్ బట్టలు అక్కడే వదిలేసి మెట్లెక్కాడు.

మూటగట్టే తెచ్చాడు. పాత అనుమతులు ఉన్నవి ఉన్నట్టే కాపీ చేయమని ఇచ్చిన కమాండ్, అతని పేరుతో, తేదీతో, చేసిన పనులన్నీ నమోదయ్యే లాగ్‌లో పడి ఉంది. తెచ్చిన ఫోల్డర్లకు పాత అలవాటే ఉండిపోయింది. లోపల పుట్టేవన్నీ ఆ అలవాటే అందుకుంటున్నాయి. పై ఫోల్డర్ మాట వాటిదాకా చేరడమే లేదు. శశికాంత్ పిల్లల్ని దిద్దుతున్నాడు కానీ తల్లుల్ని ముట్టుకోలేదు. సరిచేయడం గంట పని. కారణం రాయడమే కష్టం. రాస్తే తన పేరు రాయాలి, రాయకపోతే శశికాంత్ పోవాలి.

హాల్లో భార్య జయంతి, రెండో క్లాసు చదివే కూతురి స్కూల్ నాటకానికి చిలక రెక్కలు కుడుతోంది. ఒక రెక్క అయింది. నాటకం వచ్చే నెల.

"ఏం చూస్తున్నావు అట్లా?" అంది జయంతి.

"ఏం లేదు. రెండోది ఎప్పటికవుతుంది?"

మేనేజర్‌కి మెయిల్ నాలుగు వాక్యాలు. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేశాడు. నాలుగోసారి పంపించి, లాండ్రీ గదిలో వదిలేసిన బట్టల కోసం కిందికి దిగాడు.

శుక్రవారం పన్నెండింటికి, నిజం చెప్పినందుకు మెచ్చుకుంటూనే అతని బ్యాడ్జ్ తీసుకున్నారు. తర్వాత ఐదు వారాలు ఫ్రిస్కోలో ఉద్యోగం ఉందన్నారు, కమ్మింగ్‌లో ఉందన్నారు, ఫోన్లు ఎత్తినవాళ్లు మళ్లీ చేయలేదు.

ఉద్యోగం పోయిన రోజే జయంతి అడిగింది. "తప్పు నీదని వాళ్లకి ఎవరు చెప్పారు? శశికాంతేనా?"

వేణుమాధవ్ తల ఎత్తలేదు. ఆమె దాన్ని అవునని అనుకుంది. మర్నాడు పార్కింగ్ లాట్‌లో నలుగురితో అంది. ఆ నలుగురూ ఊరుకోలేదు.

ప్రయాణం రోజు రాజేశ్వరమ్మ పులిహోర పొట్లం పట్టుకుని వచ్చింది. జయంతి పిల్లను తీసుకుని అప్పటికే కారు దగ్గర ఉంది. వేణుమాధవ్ ఆఖరి పెట్టెకు టేపు వేస్తున్నాడు. ఆ పెట్టెలోనే రెండు చిలక రెక్కలు ఉన్నాయి.

"రాసిచ్చింది నువ్వేనని శశికాంత్ నా దగ్గర ఏడ్చాడు నాయనా. నువ్వు చెప్పొద్దన్నావని నోరు కట్టుకుని తిరుగుతున్నాడు. అందరూ వాణ్ని అనరాని మాటలంటుంటే, జయంతికెందుకు చెప్పవూ?"

అతను టేపు తెంపి, అంచు నొక్కి, నొక్కినచోటే మళ్లీ నొక్కాడు.

"ఇరవై రెండు గంటల ప్రయాణం పిన్నిగారూ. పక్కపక్క సీట్లు. దిగాక చెప్తాను."