తమ్ముడి నడుముకు కట్టిన దారం

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై ఆరేళ్లు. తమ్ముడి సంగతిని బైబిల్లో వెదకడానికి అందుకే అంత ఆలస్యమైంది.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. చిత్తూరుకు పది మైళ్ల దూరంలో మా ఊరు. నాయన పెళ్లయ్యాక ఏసుప్రభువును నమ్ముకున్నాడు. అమ్మ ఆయన వెంట నడిచింది. నాయన్ను కన్న అవ్వ మాత్రం గంగమ్మను వదల్లేదు.

మూడేళ్ల తమ్ముడికి జ్వరం పట్టింది. ఐదో రోజు నీళ్లు కూడా మింగలేదు. చిత్తూరు ఆసుపత్రికి పోదామని నాయన బండి కట్టి గడ్డి పరిచాడు. అమ్మ వాడిని ఎత్తుకొని బయటికి వచ్చేసరికి మా చర్చిలో ప్రార్థన నడిపే పెద్ద ఎదురొచ్చాడు.

"యాడికప్పా?"

"ఆసుపత్రికి."

"చచ్చిన పిల్లను లేపిన ఏసుప్రభువు నీకు సాలడా? ఆ పిల్ల తండ్రి ఏ డాక్టరు కాడికి పోయినాడు? నమ్మితే సాలు."

నాయన తల వంచుకొని ఎద్దులను విప్పేశాడు. తమ్ముడి కోసం పరిచిన గడ్డిని ఒక ఎద్దు లాక్కొని తినసాగింది.

పెద్ద మోకరించి వాడి కడుపు మీద చెయ్యి పెట్టాడు. చొక్కా కింద పసుపుకొమ్ము కట్టిన దారం తగిలింది. జ్వరం వచ్చిన రోజు గంగమ్మ పేరు చెప్పి అవ్వ కట్టింది. అమ్మ చూసింది. తీయలేదు.

"ఇదేందమ్మా? ఒక కాలు ఈడ, ఒక కాలు ఆడనా? ఇట్లయితే స్వస్థత ఎట్లొస్తాది?"

అమ్మ కత్తిపీట తెచ్చి దారం తెంపింది. అంచు తగిలి వాడి నడుం గీరుకుంది. వాడు ఏడవలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

మరునాటి మధ్యాహ్నం వాడు పోయాడు. చాపలో చుట్టి తీసుకుపోతుంటే అవ్వ అమ్మ మీద పడింది.

"గంగమ్మ దారం తెంచితివి. ఆ తల్లి ఊరుకుంటాదా? బిడ్డను నువ్వే సంపుకుంటివి."

ఆదివారం చర్చిలో అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. దారం తెంపిందని అవ్వ, అన్నాళ్లు ఉంచిందని వీళ్లు. విప్పిన బండి మాట ఎవరూ ఎత్తలేదు. నాయన కూడా.

చదవడం వచ్చాక ఆ స్వస్థతలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. నమ్ముతున్నారా అని ఏసుప్రభువు కొందరిని అడిగిన మాట నిజమే. పక్షవాతం మనిషిని మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి ఆయన ముందుకు దించినవాళ్లను మాత్రం కసరలేదు, వాళ్ల నమ్మకాన్నే చూశాడు. నాయీను ఊళ్లో కొడుకు పాడె వెంట పోతున్న విధవను అసలేమీ అడగలేదు. జాలిపడి, బిడ్డను లేపి ఇచ్చాడు.

అమ్మకు అప్పటికి చూపు ఆనదు. పక్కన కూర్చొని ఆ విధవ సంగతి చదివి వినిపించాను.

"ఆమెను ఏమీ అడగలేదా? యేలుకు గాని, నడుముకు గాని ఏం కట్టుకోనుండావని గూడా?"

"లేదమ్మా."

అమ్మ పుస్తకాన్ని చేత్తో తడిమింది.

"నీకింకా సరిగ్గా సదవను రాలేదులే. చర్చి అయ్యగారిని పిలుసుకోని రా. ఆయన సదివితే ఇంటా."

నేను మళ్లీ మొదటినుంచి చదివాను, ఎక్కడా తడబడకుండా. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.