పచ్చ పక్కన పచ్చ

కబ్వే ఊళ్లో కంప్యూటర్ కేబుళ్ల పని అంటే ముందు కంగ్వా పేరే చెప్పేవారు. పని అంత శుభ్రం మరి. కేబుల్ కొసన ఎనిమిది తీగల్నీ క్లిప్పులోకి తోసే ముందు నారింజ పక్కన నారింజ, పచ్చ పక్కన పచ్చ, నీలం పక్కన నీలం, ముద్దుగా పేర్చేవాడు. టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ వరసగా వెలిగేవి. ఇంకేం కావాలి? అలా పన్నెండేళ్లు నెట్టుకొచ్చాడు.

మొన్న ఒక బడిలో పెద్ద మేస్త్రి ముకూకా అతను వేసిన క్లిప్పు ఒకటి తీసి చూసి నవ్వాడు.

"ఎవడయ్యా ఇలా పెళ్లి పీటల మీద కూర్చోబెట్టింది? పచ్చవి మూడో గాడిలో ఒకటి, ఆరో గాడిలో ఒకటి ఉండాలి. నీలం జంట వాటి మధ్యన. నీ లెక్కన పెడితే ఒకదాని మాటలో ఇంకొకటి దూరిపోతుంది."

"దీపాలన్నీ వెలిగాయిగా అన్నా."

"దీపాలకేం, వెలుగుతాయి. పొట్టి కేబుల్ అయితే పని కూడా చేస్తుంది. పొడుగైతేనే చచ్చేది."

పొడుగు అనగానే కంగ్వాకు ఆసుపత్రి కేబుల్ గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండా చివర రికార్డుల గది ఉంది. ఆ గదికి లాగినంత పొడుగు కేబుల్ అతను ఇంకెక్కడా లాగలేదు. అక్కడ గుమస్తాగా ఉన్న బ్వాల్యా కంప్యూటర్‌కి రోజుకు పదిసార్లు లైను తెగేది. కంగ్వా రెండుసార్లు వెళ్లి, టెస్టర్ పెట్టి, "కేబుల్‌లో లోపం లేదు, ఆవిడకే నడపడం రాదు" అని కాగితం మీద రాసిచ్చాడు. మూడేళ్ల కిందట ఆ కాగితం పట్టుకునే ఆవిడను దుప్పట్లు ఉతికే గదికి మార్చారు.

ముకూకా మాట విన్న మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, ఆ కేబుల్ రెండు కొసలూ కోసి కొత్త క్లిప్పులు వేశాడు. పది నిమిషాల పని. గంటసేపు కూర్చుని చూశాడు, లైను ఒక్కసారీ తెగలేదు. ఎవరికీ చెప్పకుండా పోదామని సంచి సర్దాడు కూడా, సిగ్గులేని మనిషి. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

బ్వాల్యా పెరట్లో తడి దుప్పటి ఆరేస్తోంది.

"అమ్మా, ఆ కేబుల్ తప్పు నాది. మీది కాదు. ఇప్పుడే ఆఫీసులో రాసిచ్చేస్తాను."

ఆవిడ దుప్పటి అంచులు సరిచేస్తూనే ఉంది. తిడితే బాగుండునని కంగ్వాకు అనిపించింది.

"నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను నాయనా" అంది చివరికి. "నా మనవరాలు రోజూ ఫోను తెచ్చి బొమ్మలు చూడమంటుంది. నేను పట్టుకుంటే పాడవుతుందని మూడేళ్లుగా ముట్టుకోలేదు."