ఛీ బుట్ట

మా వదిన లాండ్రీలో లాడ్జీల దుప్పట్లు వేరు చేస్తుంది. అన్న మిషన్లు చూస్తాడు, పెద్దమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటుంది, నేను మడతలు పెడతాను. బడి మానేసిన దగ్గర్నుంచి నాకు అదే పని. ఆ గదిలోకి వచ్చే వాసనలు చెప్పుకునేవి కావు. రక్తం, వాంతి, ఇంకా ఏవేవో. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. వదిన వట్టి ముఖంతోనే మూట విప్పి, దుప్పటిని వెలుతురుకు ఎత్తిపట్టి, మరకను ఓ క్షణం చూసి, ఏ బుట్టలో వెయ్యాలో తేల్చేస్తుంది.

మరీ పాడైనవి మూలనున్న ఎర్రబుట్టలోకి పోతాయి. అలాంటిది బయటపడితే వదిన "ఛీ!" అని కేకపెట్టేది. మిగతావాళ్ళు గ్లౌజులు తొడుక్కోవాలని అది గుర్తు. అందరం "ఛీ ఛీ ఛీ" అంటూ వెనక్కి గెంతి పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ గదిలో మాకున్న సరదా అదొక్కటే. తర్వాత ఆ బుట్ట మరిగే నీళ్ళ మిషన్లోకి పోయేది.

వదిన కొడుకు, మేం బుడంకాయ అని పిలిచేవాడు, ఆ బుట్టల మధ్యే పెరిగాడు. మూడేళ్ళు నిండకముందే దొడ్డికి పాటీ మీద కూర్చోవడం నేర్చుకున్నాడు. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పిపెట్టింది. అంతే, మానేశాడు. వచ్చినప్పుడల్లా బల్ల కాలు పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసుకుని, ముఖం కందగడ్డలా చేసుకునేవాడు.

"ముక్కు నాయనా, ముక్కు," అనేది పెద్దమ్మ.

వాడు ముక్కడం లేదు, బిగబట్టుకుంటున్నాడు. పొట్ట డోలులా బిగిసింది. అన్నం చూస్తే ముఖం తిప్పేవాడు. ఆపైన చెడ్డీలో పల్చగా, జిగటగా కారడం మొదలైంది. ఆ కంపు ముందు లాడ్జీ మూటలు ఎందుకూ పనికిరావు. చెడ్డీలు ఉతికేది నేనే. చేతులు ఎంత తోమినా అన్నం ముద్ద నోటి దగ్గరికి తేలేకపోయేదాన్ని.

"విరేచనాలే. కట్టే మందు పోయించు," అన్నాడు అన్న.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇవి విరేచనాలు కావమ్మా. లోపల మలం గడ్డకట్టింది, దాని పక్కనుంచి కారుతోంది. మెత్తబరిచే మందు రోజూ పొయ్యండి, ఒకసారి వచ్చింది కదా అని ఆపెయ్యకండి. తిన్నాక కాసేపు కూర్చోబెట్టండి, పాదాల కింద పీట వెయ్యండి. తిట్టొద్దు, బలవంతం చెయ్యొద్దు. ఇలాగే బిగబడితే మాత్రం ఆసుపత్రిలో చేర్చి కడుపు కడగాల్సొస్తుంది."

వదిన దారిలోనే ఆ మందు కొంది.

మందు పోశాం, పీట వేశాం. మెత్తబడ్డదాన్ని కూడా వాడు బిగబట్టేవాడు. ఒక మధ్యాహ్నం వాడు కూర్చుని ఉండగా, వదిన మూట విప్పి అలవాటు కొద్దీ "ఛీ!" అంది. మేం గెంతాం. వాడు పాటీ మీదనుంచి ఉలిక్కిపడి లేచి, చెడ్డీ పైకి లాక్కుని, బల్ల కిందికి దూరాడు.

"ఏమైందిరా?"

"ఆయి లేదు. నన్ను బుట్టలో వెయ్యొద్దు."

ఎవరూ నవ్వలేదు.

"మనం చేసిన నిర్వాకమే తల్లీ ఇది," అంది పెద్దమ్మ.

"మనం ఏమిటి? ఆ కేక పెట్టేది నేనేగా!" అంది వదిన.

ఆ రోజునుంచి కేక బంద్. పాడైనది దొరికితే వదిన బల్లమీద అరచేత్తో తట్టేది. మేం నోరెత్తకుండా గ్లౌజులు తొడుక్కునేవాళ్ళం. నవ్వు పోయాక ఆ కంపు రెట్టింపైనట్టుండేది.

కొన్నాళ్ళకు, అన్నం తిన్నాక, వాడు పీటమీద పాదాలు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. దబ్బున చప్పుడైంది. ఎన్నాళ్ళనుంచో లోపల మాగిన కంపు, మిషన్ల వేడికి చిక్కబడి గదంతా కమ్మేసింది. పెద్దమ్మ కొంగు ముక్కుదాకా తెచ్చి మళ్ళీ దింపేసింది. వాడు కిందికి చూడలేదు. తల్లి ముఖంలోకి చూశాడు.

వదిన వంగి, దుప్పటి మరకను చూసినంత మామూలుగా పాటీలోకి చూసింది. "వచ్చేసిందిగా. పద, కడుక్కుందాం."

"బుట్ట?"

"బుట్ట దుప్పట్లకిరా పిచ్చోడా, నీకు కాదు."

కడిగి, చెడ్డీ తొడిగి, వాణ్ణి అన్న చేతికిచ్చి వెనక గుమ్మం దాటింది. ఎవరెవరి మురికో విప్పి చూస్తూ ఇన్నేళ్ళలో ముఖమైనా చిట్లించని మనిషి, కాలవ పక్కన గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకుంది. నేను పాటీ పట్టుకుని వెనకే నిలబడ్డాను, ఊపిరి తియ్యకుండా.

"వాడు చూశాడా?" అంది మూతి తుడుచుకుంటూ.

"లేదు వదినా."

"అయితే ఇంకా దాన్ని పట్టుకుని నా ముందెందుకే? పారబోసి రా. రేపు మందు పొయ్యడం మర్చిపోకు."