నేను సున్నం వేసిన రాళ్ళు

మొన్న కుట్టుమిషను తుడుస్తుంటే సొరుగులో నల్ల గుడ్డముక్క ఒకటి చేతికి తగిలింది. "పారేయనా అమ్మా?" అంది మా అమ్మాయి. "ఉండనీ. దాని సంగతి చెబుతా, రాసిపెట్టు," అన్నాను. నాకు సంతకం వరకే వచ్చు. చెప్పడమైతే వచ్చు, గొంతు బొంగురైనా.

నా మనిషి పోయిన మరుసటేడు మా అమ్మాయి నన్ను అమెరికాకి, జార్జియాలో కమ్మింగ్ అనే ఊరికి తెచ్చుకుంది. కూతురూ అల్లుడూ ఆఫీసుకి వెళ్ళిపోతే వీధిలో మనిషి అలికిడి ఉండదు. కార్లు వెళ్తాయి, కార్లు వస్తాయి, అంతే. పక్కింట్లో ఒక తెల్లావిడ, నా ఈడుదే, ఆవిడ భర్తా పోయాడు. నాకు ఇంగ్లీషు పది మాటలు వస్తే, ఆవిడ నాకు అన్నీ వచ్చినట్టే గంటల తరబడి మాట్లాడేది. నేను తల ఊపేదాన్ని. నా చేపల పులుసు తిని, కళ్ళూ ముక్కూ తుడుచుకుని, మళ్ళీ గిన్నె చాపేది. ఆవిడ వరండాలో చెరో కుర్చీలో కూర్చోవడమే ఈ దేశంలో నాకున్న స్నేహం. అది పోతే నాకు మిగిలేవి నాలుగు గోడలే.

ఒక శనివారం ఆవిడ గ్యారేజీలో ఏడుగురు ఆడవాళ్ళు చేరారు. నన్నూ పిలిచింది. మా అమ్మాయి పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చింది. నూట యాభై ఏళ్ళ కింద ఈ దేశం రెండుగా చీలి కొట్టుకుందట. ఓడిపోయిన దక్షిణాది సైనికులను కాన్ఫెడరేట్లు అంటారట. ఈ ఆడవాళ్ళు వాళ్ళ మునిమనవరాళ్ళ బిడ్డలు. మగవాళ్ళకు ఒక సంఘం ముందే ఉంది. "మావాళ్ళు తుపాకులు పట్టుకుని ఫోటోలు దిగుతారు. గడ్డి పీకేదెవరు?" అంది పక్కింటామె. అందరూ నవ్వారు. అలా పుట్టింది ఆడవాళ్ళ సంఘం. పని ఏమిటంటే, మగవాళ్ళ సంఘానికి అండగా ఉండటం, ఆ సైనికుల పాత సమాధులు శుభ్రం చేయడం, వాటి ముందు ఆ సైన్యం జెండాలు చిన్నవి గుచ్చడం, ఏడాదికోసారి ఆనాటి విధవరాళ్ళలా నల్ల గౌన్లూ ముసుగులూ వేసుకుని అక్కడ నిలబడటం. ఇందులో ద్వేషం లేదు, గౌరవమే అని పక్కింటామె కాగితం చూసి రెండుసార్లు చదివింది. రెండుసార్లు ఎందుకో అడగాలని నాకు తోచలేదు.

నాకు ఎక్కిందల్లా సమాధులు అన్న మాట ఒక్కటే. మావైపు క్రైస్తవులం నవంబరులో సమాధుల పండగ చేస్తాం. కలుపు పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. నా మనిషి సమాధికి సున్నం వేయక అప్పటికి నాలుగేళ్ళు. వీళ్ళకూ ఆ పండగ ఉందన్నమాట అని ప్రాణం లేచొచ్చింది. జాకెట్లు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, ఏడు నల్ల గౌన్లు కుట్టి ఇచ్చాను. కొలతలు తీసుకుంటుంటే నవ్వొచ్చింది. ఆ ఏడుగురిలో నిజంగా విధవరాలు పక్కింటామె ఒక్కతే. మిగతా ఆరుగురి మొగుళ్ళూ బయట కార్లలో హారన్లు కొడుతున్నారు.

వేడుకకు ముందు వారం ఊరి బయట శ్మశానం శుభ్రం చేయడానికి వెళ్ళాం, మా అమ్మాయీ వచ్చింది. నేను సున్నం బకెట్టుతో దిగేసరికి పక్కింటామె "నో నో హనీ" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ పాలరాళ్ళకు సున్నం వేయకూడదట, నీళ్ళతో రుద్దాలట. సరే, కలిపిన సున్నం ఏం చేయను? చుట్టూ చూశాను. ఇనప కంచె అవతల, పైన్ చెట్ల కింద, తలవైపు ఒకటి కాళ్ళవైపు ఒకటి గుచ్చిన మొరటు రాళ్ళు. పేర్లు లేవు. మా పేటవాళ్ళనూ ఊరి శ్మశానంలోకి రానివ్వరు, కాలవ అవతల పూడుస్తాం. నా మనిషికీ అలాంటి రాళ్ళే. అవి సమాధులని నాకు ఒకరు చెప్పాలా? మోకాళ్ళ మీద కూర్చుని కలుపు పీకాను, పదకొండు సమాధుల రాళ్ళకూ సున్నం వేశాను, బంతిపూలు పెట్టాను.

వెనక్కి తిరిగితే ఆడవాళ్ళందరూ కంచె పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకామె ఏదో అంది. మా అమ్మాయి తెలుగు చేయలేదు.

"చెప్పవే."

"అవి మన లిస్ట్‌లో లేవంట అమ్మా. నల్లవాళ్ళవి, బానిసలవి. ఈ సైనికులు కొనుక్కొచ్చి పొలాల్లో పని చేయించుకున్నవాళ్ళవి. అలా కొనుక్కునే హక్కు పోతుందనే వీళ్ళు యుద్ధం చేసింది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నీకు ఫ్రెండ్ దొరికింది కదా అని ఊరుకున్నా."

"వాళ్ళ పిల్లలు రారా మరి, పండక్కి?"

పక్కింటామె ఈ చుట్టుపక్కల ఎవరూ లేరంది, ఎప్పుడో వెళ్ళిపోయారంది. వెళ్ళిపోయారా, వెళ్ళగొట్టారా అని అడగమన్నాను. "అది నేను అడగలేను అమ్మా," అంది నా కూతురు. నా పది మాటల్లోనే వెతుక్కున్నాను. చేత్తో నెడుతూ అడిగాను. "గో? ఆర్ పుష్?"

ఆవిడ కంచె మీంచి చేతులు తీసేసింది. "పుష్," అంది.

మర్నాడు బ్రష్షు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వేడుకకు జనం వస్తారు, ఆ సున్నం కడిగేయాలని సంఘం చెప్పిందట. ఇద్దరం వెళ్దాం రమ్మంది. "నో," అన్నాను. ఆవిడ ముందు నేను తల అడ్డంగా ఊపడం అదే మొదలు. ఆవిడ బ్రష్షుతో వెళ్ళిపోయింది. ఒక్కతే వెళ్ళిందట, తర్వాత మా అమ్మాయి చెప్పింది. కానీ కడగలేదు. వానకు పోతుందిలే అని సంఘంవాళ్ళకు చెప్పిందట. ఆ వారం ఎండలే కాశాయి. వేడుక రోజున నేను కుట్టిన గౌనే వేసుకుని, ముసుగు దించుకుని, కంచె ఇవతల ఆ జెండాల మధ్యే నిలబడింది. ఆ రెండూ చేసింది ఒక్క మనిషే.

మేం పోట్లాడుకోలేదు. వరండాలో కుర్చీలు రెండూ ఉన్నాయి, పులుసు గిన్నె వెళ్ళేది, వచ్చేది. కొత్త గౌన్లు కుట్టమని ఆవిడ అడగలేదు, ఎందుకు కడగలేదని నేనూ అడగలేదు. ఎండ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకునేవాళ్ళం. మూడేళ్ళకు ఆవిడ పోయింది. చనిపోయినవాళ్ళ కోసం అంత తీరిక చేసుకున్న మాకు, ఆ ఒక్క మాట కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంకా చాలా రోజులున్నాయనిపించేది. అలా అనిపిస్తుండగానే రోజులు అయిపోయాయి.