తిమింగలం తర్వాతి పేజీ

నాకు పుస్తకాల పిచ్చి. ఏటా చలికాలంలో హైదరాబాద్‌లో బుక్ ఫెయిర్ పెట్టారంటే ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే బస్సెక్కేస్తాను. ఆ స్టాళ్ల మధ్య నిలబడితే యాభై ఏళ్లదాన్నన్న సంగతే మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తాను. అబ్బబ్బ, ఇన్ని పుస్తకాలా! ఇవన్నీ మనుషులే రాశారా! కానీ పిల్లల బొమ్మల పుస్తకాలు కనిపిస్తే మాత్రం తల దించుకుని తప్పుకుంటాను. ఎందుకంటే నేను దొంగను.

ఐదో తరగతిలో ఉండగా మా ఊరి గ్రంథాలయంలో వారోత్సవాలకు పుస్తకాల ప్రదర్శన పెట్టారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద సముద్రం గురించిన పెద్ద పుస్తకం తెరిచి ఉంది. రెండు పేజీల నిండా తిమింగలం, పక్కన చీమంత పడవ. నా ఒళ్లు జలదరించింది. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు, సముద్రం ఎరుగడు. ఇది ఆయనకు చూపించాల్సిందే అనుకున్నాను. ఇంటికిమ్మని గ్రంథాలయం వాళ్లనడిగితే, "గది సూసెటందుకే, ఇచ్చెటందుకు గాదు" అన్నారు. ఎవరూ చూడనప్పుడు సంచిలో దోపేశాను. ముద్ర ఉన్న మొదటి పేజీ చింపి పొయ్యిలో వేశాను.

అప్పుడు పట్టుకుంది భయం. పక్కవాడి వలలోని చేపను ముట్టని మనిషికి దొంగ పుస్తకం ఎట్లా చూపిస్తాను? ట్రంకుపెట్టె అడుగున దాచి, మళ్లీ తెరవనే లేదు.

ఈ ఏడు బాపు చూపు మెల్లగా పోతోందని, పోయింది తిరిగి రాదని దవాఖానలో చెప్పారు. ఇక ఆగలేకపోయాను. ముందు పుస్తకం గ్రంథాలయానికి చేరాలి, ఆ తర్వాతే బాపు చేతికి. వారోత్సవాల రోజున తీసుకెళ్లాను. పక్కనున్న మంచాల ఊరి నుంచి బస్సులో వచ్చే లైబ్రేరియన్ పిల్లకు నేర్చుకున్న అబద్ధం అప్పజెప్పాను.

"బుక్ ఫెయిర్ల పాత పుస్తకాల కాడ దొరికింది బిడ్డా, మన లైబ్రరీల పెడ్తరని తెచ్చిన."

ఆమె మొదటి పేజీ చూడనే లేదు. చకచకా తిప్పి తిమింగలం దాటి, తర్వాతి పేజీ దగ్గర ఆగింది. అక్కడ మా గ్రంథాలయం ముద్ర, నలభై ఏళ్ల నాటి తేదీతో సహా!

"మొదటి పేజీ చింపుతరని లోపల గూడ ఒక ముద్ర ఏస్తరక్కా. అన్ని పుస్తకాలకు గదే పేజీ." తెల్లబోయిన నా ముఖం చూసి సంగతి గ్రహించి, నవ్వు ఆపుకుంది. "ఇన్నేండ్లల్ల ఒక్క పేజీ గూడ తిప్పలేదా?"

పరువు గంగలో కలిసింది. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. బాపు కళ్ల సంగతితో సహా అన్నీ చెప్పేశాను. ఆమె రిజిస్టర్ తీసి నా పేరు రాసుకుని, పుస్తకం నా చేతిలోనే పెట్టింది.

"పో అక్కా, జల్ది సూపియ్యి. పదిహేను దినాలల్ల వాపస్ తేవాలె మల్ల. గీసారైనా తే."

బాపు గడప మీద, వెలుతురులో కూర్చున్నాడు. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తిమింగలాన్ని తోక నుంచి మూతి దాకా జానలతో కొలిచాడు. పక్కనున్న పడవ మీదికి రాగానే వేలు ఆపాడు.

"ఓరి దేవుడా! నా జిందగీల వట్టిన చాపలన్ని కుప్పవోసినా గింత గావు."

నేను దొంగతనం మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన పేజీ మీంచి చెయ్యి తీయలేదు.

"గింత పెద్దదాన్ని గిన్నేండ్లు ఒక్కదానివే ఎట్ల దాసినవే బిడ్డా?"