కారుకు ముందు ఏది మార్చాలి: దిల్‌సుఖ్‌నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా

రెండో శనివారం ఉదయం 9.10కి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాం. కారు తొమ్మిదేళ్లది. నడిపేది నా మనవరాలు నీహారిక. తుర్కయంజాల్ దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను రోజూ తనతో వెళ్లి, తుర్కయంజాల్‌లో మా చెల్లెలి ఇంటి దగ్గర దిగుతాను. ఈ నెలలో నీహారిక మూడుసార్లు మొదటి పీరియడ్‌కు ఆలస్యమైంది. ప్రిన్సిపాల్ అర రోజు సెలవు కోశాడు.

"గీ కారుల దమ్ము లేదు నానమ్మా. గిట్లయితే సోమవారం కాలేజి కాడ హాస్టల్ రూముకు అడ్వాన్స్ కట్టేస్త. వారానికోసారి ఇంటికొస్త" అంది. తను లేని ఇల్లు నేను ఊహించలేను. అందుకే ఈ ప్రయాణం.

ఖర్చుకు ముప్పై వేలు అనుకున్నాం. సగం నావి, సగం మా వియ్యపురాలు, అంటే నీహారిక అమ్మమ్మ, సరోజిని గారివి. ఆవిడది తెనాలి. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా యాస మారలేదు. 9.40కి ఎల్.బి.నగర్ మెట్రో స్టేషన్ కింద ఎక్కారు. నాగోల్ నుంచి ఆటోకు నూట ఇరవై ఇచ్చారట. నేనైతే బస్సులో వచ్చేదాన్ని.

"వదినగారూ, ముందు పికప్ పెంచాలండీ. మిగతావన్నీ తర్వాత" అన్నారు, ఇంకా తలుపు వేయకుండానే.

మొదటి మజిలీ ఎల్.బి.నగర్‌లోనే ఒక ట్యూనింగ్ దుకాణం. యజమాని ఇమ్రాన్ ధరలు చెప్పాడు. ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చే రీమ్యాప్‌కు ఇరవై రెండు వేలు, కొత్త సైలెన్సర్‌కు పద్దెనిమిది, గాలి ఫిల్టర్‌కు ఆరు. కలిపితే నలభై ఆరు.

"సైలెన్సర్ మారిస్తే వేగం పెరుగుతుందా బాబూ?" అని సరోజిని గారు అడిగారు.

"సౌండ్ పెరుగుతది ఆంటీ. సౌండ్ పెరిగితే స్పీడ్ పెరిగినట్టే అనిపిస్తది."

సైలెన్సర్‌ను, ఫిల్టర్‌ను జాబితాలోంచి కొట్టేశాను. రీమ్యాప్‌ను మాత్రం ఒక్క పూట వాడి చూడమన్నాడు. నచ్చకపోతే పాత లెక్కలు తిరిగి పెడతాడు, అయిదు వందలు తీసుకుంటాడు. ఒప్పుకున్నాం.

10.50కి దుకాణం ముందు నుంచి సాగర్ రోడ్డు పట్టాం. ఇంజన్ నిజంగానే హుషారుగా ఉంది. నేను ముందు సీటులో ఉన్నాను. నీళ్ల ట్యాంకర్ కనబడింది, "మెల్లగ బిడ్డా" అన్నాను. బస్సు ఆగేలా ఉంది, "జర మెల్లగ" అన్నాను. తుర్కయంజాల్‌లో గడియారం చూస్తే నలభై ఒక్క నిమిషం. రోజూ ఇంత దూరానికి నలభై మూడు పడుతుంది. ఇరవై రెండు వేలకు రెండు నిమిషాలు.

రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు తాగాం, ఒక్కోటి యాభై.

"ఇంజను మారింది గానీ మీరు మారలేదండీ వదినగారూ" అన్నారు సరోజిని గారు. "పిల్ల తొక్కుతుంటే మీరు ఆపుతున్నారు. పదహారుసార్లు మెల్లగ అన్నారు."

"పద్నాలుగే" అన్నాను.

నీహారిక నవ్వింది. "నువ్వన్నప్పుడల్లా కాలు దానంతటదే లేస్తది నానమ్మా. చిన్నప్పటి సంది గదే అలవాటు."

"ఉట్టిగనే అంటున్ననా? మొన్న గుర్రంగూడ కాడ నువ్వు బ్రేకేస్తే కారు యాడ ఆగింది? బస్సుల ఎనక సీటామె పల్లీలు తింటున్నది, పొట్టు గూడ కనబడ్డది."

"గప్పుడు వాన పడ్డది."

"వాన రోజు పల్లకీల పోతమా మరి? గిదే టైర్ల మీద పోవాలె కద."

కారు ఆలస్యంగా ఆగుతుంది కాబట్టి నేను ముందుగా అరుస్తాను. ఇది భయం కాదు, లెక్క. ముగ్గురం వంగి టైర్లు చూశాం. గాడులు అరిగి నా అరచేయిలా నున్నగా ఉన్నాయి. నీహారిక నవ్వు ఆగింది.

"అంటే నా పదిహేను వేలూ ఆగడానికేనా?" అని సరోజిని గారు నిట్టూర్చారు. అయినా ఇవ్వనని అనలేదు.

వెనక్కి వచ్చి ఇమ్రాన్‌తో పాత లెక్కలు పెట్టించి, మన్సూరాబాద్‌లోని టైర్ల దుకాణానికి వెళ్లాం. నాలుగు టైర్లకు పంతొమ్మిది వేల రెండు వందలు. ముందు చక్రాల బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ కలిపి ఎనిమిది వేల మూడు వందలు. పని జరుగుతుండగా పక్క మెస్‌లో భోంచేశాం. గోంగూర పప్పులో కారం తక్కువంటూనే సరోజిని గారు రెండోసారి కూడా వేయించుకున్నారు.

సాయంత్రం 4.30కి మళ్లీ అదే ట్యూనింగ్ దుకాణం ముందు నుంచి సాగర్ రోడ్డు. ఉదయంకంటే రద్దీ ఎక్కువ. ఒక బస్సు ఉన్నట్టుండి ఆగింది. నేను నోరు తెరిచేలోపే మా కారు బుద్ధిగా, రెండు బారల దూరంలో నిలబడింది. గుర్రంగూడ దాటాక ఒక పాల వ్యాను నత్తలా పోతోంది. ఎదుటి దారి ఖాళీగా ఉంది. నీహారిక అలవాటుగా నా మాట కోసం చూస్తోంది.

"పో బిడ్డా" అన్నాను.

ముప్పై మూడు నిమిషాల్లో తుర్కయంజాల్ చేరాం. ఇంజన్ పాతదే.

5.20కి తిరుగు ప్రయాణం. రోజూ వాడే కారుకు హంగులు చేయించాలనుకునే వారికి నేను చెప్పేది ఒకటే. ముందు టైర్లు, బ్రేకులు చూసుకోండి. డబ్బు మిగిలితే ఇంజన్ సంగతి. ఈలోగా పక్క సీటు మనిషి ఎందుకు అరుస్తోందో అడగండి, విసుక్కోకుండా.

ఫ్లైఓవర్ ఎక్కుతుండగా నీహారిక అడిగింది. "సోమవారం ఎన్నింటికి తయారుంటవ్ నానమ్మా?"

"ఎనిమిదింబావుకు. హాస్టలోళ్లకు ఫోన్ జేసి చెప్పు, రానని."

"చెప్త" అంటూ పక్కనున్న క్యాబ్‌ను దాటించింది.

వెనక సీటులో సరోజిని గారు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నారు. "కాస్త నెమ్మదిగా పోనీయ్ తల్లీ."

"ఏం గాదు వదినా" అన్నాను. "ఆగుతది."